నా చేతి చాయ్

జూన్ 2, 2024, ఆదివారం

నగేష్ సెలవు మీద ఊరికి పోయి, చుట్టీ అయ్యాక వచ్చాడు. కొత్తగా పెళ్ళయిన మనిషి, ఒళ్ళు చేశాడు, మొహంలో కళ వచ్చింది. మా ఆవిడ పంపిన పార్సిల్ భద్రంగా తెచ్చి నా మంచం మీద పెట్టాడు. సకినాలు, అల్లం పచ్చడి, అడుగున గుడ్డలో కట్టిన నా నిద్రబిళ్ళలు. వాడికి మాత్రం గ్యాస్ బిళ్ళలని చెప్పించాను. ఎయిర్‌పోర్టులో భయపడే మొహాలనే ఆపుతారు. అసలు సంగతి తెలిసి ఉంటే వాడి మొహమే వాణ్ణి పట్టించేది. తెలియకపోవడం వాడి మంచికే అయింది. కస్టమ్స్ మనిషి పచ్చడి వాసన చూసి యల్లా పొమ్మన్నాడని చెప్పి నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను.

ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఇవి అడిగినన్ని ఇస్తాడు. ఇక్కడ డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు. ఒకసారి దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ దాకా పోయి మెడికల్ షాపులో అడిగితే, అక్కడి కేరళ మలబారీ కుర్రాడు నన్ను తాగుబోతును చూసినట్టు చూశాడు. నేను జీవితంలో చుక్క ముట్టని మనిషిని.

జూన్ 4

ఒక బిళ్ళ వేసుకుని పడుకున్నాను. ఇది అలవాటు కాదు. ఎండాకాలం అయ్యేదాకానే. పోయిన ఎండాకాలం కూడా అంతే, తర్వాత మానేశాను. చలికాలంలో మళ్ళీ వేసుకున్నానంటే దాని కారణం వేరు.

జూన్ 6

ఎండలకు కంపెనీ మమ్మల్ని నైట్ డ్యూటీకి మార్చింది. సాయంత్రం బస్సెక్కితే తెల్లవారాక దోహా శివారు ముఐథర్‌లోని ఈ పాత విల్లాకు వచ్చి పడతాం. రూంలో ఆరుగురం. అందరూ పగలే నిద్రపోవాలి. నగేష్‌కు మాత్రం పగలే సుహాసినితో వీడియో కాల్. కొత్త పెళ్ళాం, పైగా నెల తప్పిందట. తిన్నవా అంటాడు, ఏం తిన్నవంటాడు, ఏం కూర అంటాడు. ఆ అమ్మాయి వంకాయ అంటే అదేదో వింత కూరైనట్టు పగలబడి నవ్వుతాడు. నేను దుప్పటి ముసుగులో పడుకుని వాళ్ళింటి వంట మొత్తం వింటున్నాను.

రెండు బిళ్ళలు వేసుకున్నాను. ఒకటి పనిచేసినట్టు లేదు, కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

జూన్ 7, శుక్రవారం

మా ఫోర్‌మన్ ఉద్యోగం మానేసి ఇంటికి పోతున్నాడు. ఆ పోస్టు నాకు గానీ నగేష్‌కు గానీ ఇస్తానని మలబారీ ఇంజనీరు అన్నాడు. నేను ఈ కంపెనీలో పదకొండేళ్ళుగా స్లాబులకు ఇనుము కడుతున్నాను. నగేష్ మొన్న మొన్న వచ్చినవాడు. విజిల్ పట్టుకుని క్రేన్‌కు సైగలు చేస్తాడు, అంతే. కాకపోతే వాడికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు.

నాకు అసూయ లేదు. ఉంటే రాసుకునేవాణ్ణి, ఇది నా డైరీయే కదా. ఫోర్‌మన్‌కు వేరే రూం ఇస్తారు. వేరే రూం ఉంటే మనిషి నిద్రపోవచ్చు. నాకు కావలసింది అదొక్కటే.

సాయంత్రం వాళ్ళమ్మ ఎల్లవ్వ ఫోన్ చేసింది. మాది ఒకే ఊరు, వరసకు చిన్నమ్మ అవుతుంది. "దుబాయిల వానికి నువ్వే పెద్ద దిక్కు బిడ్డా, నా కొడుకును నీ చేతుల పెట్టిన" అంది. ఇది దుబాయ్ కాదు, కతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎక్కదు. నేను చూసుకుంటానన్నాను.

జూన్ 9

రూంలో పెద్దవాడే చాయ్ పెట్టాలన్నది మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. డ్యూటీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. పెద్దవాడి చేతి చాయ్ వద్దని ఎవరూ అనరు, అంటే పెద్దరికాన్ని కాదన్నట్టు. గ్లాసులు ఎవరివి వాళ్ళవే, ఇంటి దగ్గర పేర్లు కొట్టించి తెచ్చుకున్నవి. నగేష్ గ్లాసు మీద వాళ్ళమ్మ పేరుంది.

డ్యూటీ నుంచి వచ్చాక నగేష్ చాయ్‌లో ఒక బిళ్ళ ముక్క నూరి కలిపాను. చక్కెర ఎక్కువ వేశాను. వాడికి నిద్ర తక్కువవుతోంది, కళ్ళు గుంటలు పడుతున్నాయి. నిద్రపోరా అంటే వినడు. వినని పిల్లలకు తల్లులు మందు పాలలో కలిపి ఇవ్వడం లేదా? ఎల్లవ్వ వాణ్ణి నా చేతుల్లో పెట్టింది మరి.

జూన్ 10

పడుకున్నాడు. రూం అంతా ప్రశాంతం. సుహాసిని ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

జూన్ 13

నాలుగు రోజులుగా ఇస్తున్నాను. వాడి ఆరోగ్యం కుదుటపడినట్టే కనిపిస్తోంది. నేనూ డాక్టరు చదువు చదివి ఉంటే బాగుండేదనిపిస్తోంది.

జూన్ 16, బక్రీద్

సెలవు. తిరుపాలు మధ్యాహ్నం కోడికూర చేశాడు. వాడిది అనంతపురం జిల్లా, మా రూంలో మాకు యాస అంతుపట్టని మనిషి వాడొక్కడే. కూర చేసేది వాడు, చాయ్ పెట్టేది నేను. తింటూ తింటూ నగేష్ తల వాల్చేస్తే తిరుపాలు నవ్వాడు. "ఏమన్నా, నీ టీ తాగినాక నగేసు మనలోకంలో ఉండడే. నాకూ అట్లాంటిదే పొయ్యొచ్చు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వకపోతే బాగుండదని నవ్వాను. తిరుపాలు మంచివాడే గానీ మాట మీద అదుపు లేదు.

జూన్ 18

పొద్దున చాయ్‌లో కలపడం మరిచిపోయాను. అందుకని సాయంత్రం, డ్యూటీకి పోయే ముందు కలిపాను. రోజూ ఇచ్చే మందు ఒక పూట తప్పితే ఒంటికి మంచిది కాదు కదా.

జూన్ 19

ఈ రోజు కూడా పొద్దున మరిచిపోయాను. సాయంత్రం ఇచ్చాను.

జూన్ 20

నగేష్ డ్యూటీలో రెండుసార్లు కునికాడు. విజిల్ నోట్లోనే ఉంది, ఊదడు. క్రేన్ ఆపరేటర్ పైనుంచి రేడియోలో హిందీలో తిట్లందుకున్నాడు. ఇంజనీరు నన్ను పిలిచి ఏమైందని అడిగితే ఉన్న మాట చెప్పాను. పగలంతా ఫోన్ మాట్లాడతాడు సార్, నిద్రపోడు అని. ఇంతకుముందు మాట్లాడేవాడు కదా, అబద్ధమేమీ కాదు. కొత్తగా పెళ్ళయింది, కోప్పడకండి అని కూడా అన్నాను. ఇంజనీరు నా భుజం తట్టి, నీలాంటివాళ్ళు ఉండాలి బుచ్చన్నా అన్నాడు.

వాడు ఇలా అయితే పోస్టు సంగతి ఏమవుతుందో అని బాధేసింది.

జూన్ 22

మూడు వేసుకున్నాను. నిద్ర పట్టింది గానీ లేచాక చేతులు వణికాయి. ఎండ వల్ల.

జూన్ 25

నగేష్ మెట్ల దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నాలుక మందంగా తిరుగుతోంది. డ్యూటీకి పోయేటప్పుడే ఒళ్ళు తూలుతోందని, నిన్న సుహాసినితో ఏం మాట్లాడాడో ఇవాళ గుర్తులేదని, ఆ అమ్మాయి తాగుతున్నావా అని ఏడ్చిందని చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"రూంల ఎవడో నాకు ఏదో కలుపుతుండన్నా. తిరుపాలు మీదనే నాకు అనుమానం. ఇగ నీ చేతి చాయ్ తప్ప ఎవ్వని చేతిది ఏదీ ముట్ట."

తిరుపాలు అలాంటివాడు కాదురా అన్నాను. అది మాత్రం గట్టిగా చెప్పాను. నగేష్ ఈ రోజు కూర తినలేదు, రొట్టెను పెరుగులో ముంచుకుని తిన్నాడు. తిరుపాలు ఆ గిన్నె వంక చాలాసేపు చూశాడు. ఇద్దరినీ చూస్తే నాకు జాలేసింది.

రేపటి నుంచి ఆపేస్తాను.

జూన్ 26

ఫోర్‌మన్ పోస్టు గురించి ఆదివారం తేలుస్తామని ఇంజనీరు చెప్పాడు. ఆదివారం దాకా చూసి ఆపేస్తాను. మధ్యలో ఆపితే ఇన్నాళ్ళు ఇచ్చింది వృథా అవుతుంది.

జూన్ 27

ఇచ్చాను.

జూన్ 28, శుక్రవారం

సెలవు. ఇవ్వలేదు. ఈ ఒక్కదాన్ని బట్టే తెలుస్తుంది, నాకు వాడి మీద పగ లేదని. సాయంత్రం నగేష్ హుషారుగా లేచి సుహాసినితో మాట్లాడాడు. నాకు దుప్పటి కింద నిద్ర పట్టలేదు.

జూలై 1

ఆదివారం ఏమీ తేలలేదు, ఇంజనీరుకు ఏదో మీటింగ్ పడింది. నిన్నా ఇచ్చాను, ఇవాళా ఇచ్చాను.

ఒక సంగతి ఇవాళే తట్టింది. నగేష్ విజిల్ ఊది దించే ఇనుప కట్టలు దిగేది మా గ్యాంగ్ మీదికే. అంటే నా మీదికే. వాడు కునికితే ముందు పోయేది నేను. ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకుని వాడి ఆరోగ్యం చూసే మనిషిని పట్టుకుని అసూయ అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? ఎవరూ అనలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి అనలేదు.

జూలై 3

రాత్రి డ్యూటీలో జరిగింది రాస్తున్నాను.

నేను స్లాబ్ మీద వంగి ఇనుము కడుతున్నాను. పైన కట్ట వస్తోంది. విజిల్ వినిపించలేదు. అది వినిపించలేదన్న సంగతి కూడా నాకు వెంటనే తెలియలేదు, నా తల కూడా తేలికగా లేదు. పొద్దున నేనూ మూడు వేసుకున్నాను. తలెత్తితే కట్ట ఒక పక్కకు ఒరిగి నా మీదికే దిగుతోంది. లోకమంతా నెమ్మదిగా కదులుతున్నట్టుంది, నా కాళ్ళు మాత్రం అసలు కదల్లేదు.

నగేష్ ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు. కూలబడి కునుకుతున్నవాడు లేచి, తూలుతూ పరిగెత్తుకొచ్చి నన్ను తోశాడు. నేను అటు పడ్డాను. కట్ట చివర వాడి కుడిచేతి మీద పడింది.

అన్నా, నీకేం కాలేదు గదా అని అడిగాడు. ఎముక బయటికి కనిపిస్తోంది, నన్ను అడిగాడు.

జూలై 4

రాయలేను.

జూలై 5, శుక్రవారం

చేతికి ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే నిద్రమందు ఉందని తేలిందట. కంపెనీ సేఫ్టీ ఆఫీసరు రూంకు వచ్చి నగేష్ పెట్టె విప్పాడు, మంచం కింద వెతికాడు. ఏమీ దొరకలేదు. నా పెట్టె జోలికి ఎవరూ రాలేదు. నేను పెద్దవాణ్ణి, పైగా చావు తప్పించుకున్నవాణ్ణి. ఆయన నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

జూలై 7

నగేష్ తను ఏ మందూ వేసుకోలేదని, ఎవరో కలిపారని చెబుతున్నాడట. మత్తుకు అలవాటుపడిన ప్రతివాడూ అదే చెబుతాడని సేఫ్టీ ఆఫీసరు అన్నాడు. అది నిజమే. ఆ అలవాటున్నవాళ్ళు తమకు లేదనే చెబుతారు.

పోలీసుల దాకా పోనివ్వకుండా వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారట. మళ్ళీ ఈ దేశం రాకుండా పేరు ఎక్కిస్తారట.

జూలై 9

ఇంజనీరు ఆఫీసుకు పిలిచాడు. ఫోర్‌మన్ పోస్టు నీదే బుచ్చన్నా అన్నాడు. సరే సార్ అని లేవబోయాను. ఆయన నా మొహం చూసి దుఃఖం అనుకున్నట్టున్నాడు. నన్ను ఓదార్చడానికని ఒక మాట చెప్పాడు.

నగేష్ చుట్టీ నుంచి వచ్చిన వారంలోనే ఆయన దగ్గరికి వచ్చి, ఆ పోస్టు తనకు వద్దన్నాడట. బుచ్చన్న ఉండగా నేను ఆయన మీద ఫోర్‌మన్‌గా నిలబడలేను సార్, ఆయనకే ఇవ్వండి అన్నాడట. పద్ధతి ప్రకారం ఇద్దరి పేర్లూ పైకి పంపాలి కాబట్టి పంపానని, ఇంటర్వ్యూ పేరుకే అని ఇంజనీరు చెప్పాడు.

బయటికొచ్చి ఇసుక కుప్ప మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. దాపరికం లేకుండా రాస్తున్నాను, నేను పాపం చేశాను. నాకు రాబోయే కుర్చీ కోసం నాకే ఇస్తున్నవాడి చాయ్‌లో విషం కలిపాను. రేపు చెప్పేస్తాను.

జూలై 10

చెప్పాను.

ఆస్పత్రి నుంచి రూంకు వచ్చిన నగేష్ కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్ళు డ్యూటీకి పోయారు, నేను పోలేదు. నేను వాడి ముందు కూర్చున్నాను. "నేనే కలిపిన్రా. నీ చాయ్‌ల నేనే కలిపిన" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. వాడి కళ్ళు నిండాయి. నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు, ఒక చెయ్యి కట్టులో ఉందని ఆగాడు.

"నన్ను ఇంటికి పంపకుండ ఆపనీకి తప్పు నీ మీద ఏసుకుంటున్నవా అన్నా? నువ్వు జైలుకు పోతే వదిన ఏం కావాలె? వద్దు. గీ మాట ఇంకెవ్వని ముందట అనకు. నా మీద ఒట్టు."

నిజంరా అన్నాను. ఇంకా గట్టిగా ఏడ్చాడు. పదకొండేళ్ళు పెద్దరికం చేసిన పాపానికి, నేను నిజం చెప్పినా నమ్మే మనిషి లేకుండా పోయాడు.

జూలై 11

ఇంజనీరు దగ్గరికి పోయాను. నేను నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. నగేష్ ఫోన్ చేసి మొత్తం చెప్పాడట, బుచ్చన్న నా కోసం తప్పు తన మీద వేసుకోబోతున్నాడు, మీరు ఒప్పుకోవద్దు సార్ అని. బస్, ఇక చాలు బుచ్చన్నా, నీ మనసు నాకు తెలుసు, ఇలా అబద్ధాలాడితే ఇద్దరికీ నష్టమే అన్నాడు ఇంజనీరు. శనివారం నుంచి కొత్త డ్యూటీలో చేరమన్నాడు.

మిగిలిన బిళ్ళల పట్టీ నా ప్యాంటు జేబులోనే ఉంది. చెయ్యి జేబులోనే పెట్టుకుని నిలబడ్డాను. అది తీసి బల్ల మీద పెడితే నమ్మేవాడే. పెట్టలేదు. రెండుసార్లు చెప్పాను, ఇద్దరూ నమ్మలేదు. ఒక మనిషి ఇంతకంటే ఏం చేయగలడు?

జూలై 13

నగేష్ పోయాడు. పోయేముందు తిరుపాలుకు చెయ్యి ఇచ్చి, అన్న చెప్పినా వినక నీ మీద అనుమానపడ్డందుకు మాఫీ చెయ్యమన్నాడు. తిరుపాలు వాణ్ణి కౌగిలించుకుని, "పోనీలేబ్బా, అన్నం కాడ అలిగితే అలిగినావు గానీ ఆరోగ్యం జాగ్రత్త" అన్నాడు. ఆ తర్వాత నగేష్ విల్లాలో అందరి ముందూ నేను తన కోసం ఏం చేయబోయానో చెప్పాడు. వద్దురా అన్నాను. వద్దన్నకొద్దీ ఇంకా చెప్పాడు.

ఇప్పుడు నేను బస్సెక్కితే కుర్రాళ్ళు లేచి సీటిస్తున్నారు.

జూలై 16

ఫోర్‌మన్ రూం. ఏసీ చప్పుడు కూడా లేదు. నాలుగు వేసుకున్నాను, నిద్ర లేదు. చాయ్ పెట్టే పని తిరుపాలుకు అప్పగించాను. నా వంతు గ్లాసు రూంకే పంపిస్తున్నాడు. దాన్ని బాత్‌రూంలో పారబోస్తున్నాను. తిరుపాలు అలాంటివాడు కాదని నాకు తెలుసు. తెలిసినా తాగలేకపోతున్నాను.

జూలై 19, శుక్రవారం

ఎల్లవ్వ ఫోన్ చేసింది. ఎత్తకుండా వదిలేశాను. మళ్ళీ చేసింది. మూడోసారి ఎత్తాను.

"నా కొడుకు కోసం జైలుకన్న పోతనన్నవట గద బిడ్డా. కడుపుల పుట్టినోడు గూడ అంత చెయ్యడు. నీ కడుపు సల్లగుండ" అంది. నగేష్ చెయ్యి ఇంకా లేవడం లేదని, వేళ్ళు ముడుచుకోవడం లేదని చెప్పింది. సుహాసిని పుట్టింటికి పోయిందట. తాగుబోతుకు ఇచ్చామని వాళ్ళ నాన్న గొడవపడి తీసుకుపోయాడట.

నేను ఊఁ అంటూ విన్నాను.

చివరకు అసలు మాటకు వచ్చింది. ఇల్లు గడవాలి కదా, నగేష్ తమ్ముడు సురేందర్ ఇంటర్ పాసై ఖాళీగా తిరుగుతున్నాడట.

"నువ్వు ఇప్పుడు పెద్ద నౌకరిల ఉన్నవు. వేరే యాడికన్న తోలాలంటె భయమాయె. నీ దగ్గరికైతె కండ్లు మూసుకొని తోల్త. వాన్ని గూడ నీ చేతుల్లనే పెడత."

వద్దు చిన్నమ్మా అనడానికి నోరు తెరిచాను. వద్దంటే ఎందుకని అడుగుతుంది. తోలమన్నాను.